‘సహకరించడం లేదు’ అని రాసిన మూడు రోజులు: గుండె వార్డులో ఒక సోమాలీ రోగి

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో గుండె శస్త్రచికిత్స వార్డుకు నేను నర్సింగ్ ఇన్‌ఛార్జ్‌ని. ఈ కేసులో రోగిని గుర్తుపట్టగల వివరాలు తీసేశాను, కొన్నింటిని మార్చాను. చికిత్స నడిచిన వరుస, మేం చేసిన పొరపాట్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. రాయవచ్చా అని ఆమెనే అడిగాను. పేరూ ఊరూ లేకుండా, తర్వాత వచ్చే అమ్మాయిలకు పనికొచ్చేటట్టయితే రాయమంది.

నేపథ్యం

మా వార్డుకు సోమాలియా, సూడాన్, యెమెన్, ఒమన్, ఇరాక్, నైజీరియా నుంచి రోగులు వస్తుంటారు. చాలాకాలం వాళ్లందరినీ మేం రెండే మాటలతో సరిపెట్టుకున్నాం: ‘అరబ్బు పేషెంట్లు’, ‘ఆఫ్రికా పేషెంట్లు’. సోమాలియా రెండింటిలోనూ ఇముడుతుంది. 1974 నుంచి అరబ్ లీగ్‌లో సభ్య దేశం. కానీ అక్కడ ఇళ్లలో మాట్లాడేది సోమాలీ. 1972 నుంచి దాన్ని రోమన్ లిపిలో రాస్తున్నారు. ఈ సంగతి మాకు తెలియదు. అందుకే ఆమె చేరిన రోజే కేస్ షీటు మీద భాష అన్న చోట ‘అరబిక్’ అని పడిపోయింది.

ఆమె ఇరవైల్లో ఉన్న అమ్మాయి. పెళ్లి కుదిరింది, ఇంకా కాలేదు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ కవాటం బిగుసుకుపోయి, లీకు కూడా మొదలైంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. కవాటం మార్పిడి కోసం మేనమామను తోడు తీసుకుని వచ్చింది. అడ్మిషన్ దగ్గరే ఒక చిక్కు. సోమాలీలకు ఇంటిపేరు ఉండదు. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు కలిపి రాస్తారు. ఆమె పేరులోని ఒక్క మాట కూడా మేనమామ పేరులో లేదు. నిజంగా బంధువేనా అని కౌంటరులో రెండుసార్లు రుజువు అడిగారు. మన దగ్గర మాత్రం మేనమామ ఇంటిపేరు మేనకోడలికి ఉంటుందా? ఆ ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టలేదు. ఆయన ఏమీ అనలేదు. ఆ అమ్మాయి మాత్రం తలవంచుకుని నిలబడింది.

ఆపరేషన్‌కు ముందురోజు సాయంత్రం పార్ట్ ప్రిపరేషన్ చేస్తాం, అంటే గడ్డం కింది నుంచి మోకాళ్ల దాకా వెంట్రుకలు తీసి శుభ్రం చేయడం. ఈ పని ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాని ఒక స్టాఫ్ నర్సుకు పడింది. దుప్పటి తొలగించి చూసి ఆమె నిశ్చేష్టురాలైంది. అక్కడ ఉండాల్సిన ఆకారం లేదు. నున్నటి మచ్చ, కింద ఒక సన్నని రంధ్రం. పుట్టుకతోనే ఉన్న లోపమేమో అనుకుని పక్క వార్డు నుంచి ఒకరిని పిలిచింది. ఆమె ఇంకొకరిని పిలిచింది. ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి చూశారు. ఒకరు ‘అయ్యో’ అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆ అమ్మాయి ముఖం గోడ వైపు తిప్పుకుంది.

చూసింది ఏమిటో ఆ ముగ్గురిలో ఎవరూ డాక్టరుకు చెప్పలేదు, షిఫ్టు మారేటప్పటి హ్యాండోవర్‌లో చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. ఎలా రాయాలో తెలియలేదని తర్వాత అన్నారు. ఆ మాట నిజమేనని నమ్ముతాను. మరునాడు థియేటర్‌లో మత్తు ఇచ్చాక కాథెటర్, అంటే మూత్రం బయటికి తీసే గొట్టం, వేయబోతే దారి కనిపించలేదు. 16 నంబరు, 12 నంబరు ప్రయత్నించి, చివరికి గైనకాలజిస్టును పిలిపించి, పిల్లలకు వాడే సన్నని గొట్టంతో పని ముగించారు. ఆపరేషన్ మొదలవడానికి దాదాపు నలభై నిమిషాలు ఆలస్యమైంది. థియేటర్ నోట్‌లో ‘కాథెటర్ వేయడం కష్టమైంది’ అని ఒక్క ముక్క ఉంది.

సమస్య మా ముందుకు వచ్చిన తీరు

ఆపరేషన్ బాగా జరిగింది. లోహపు కవాటం పెట్టారు. రెండో రోజు ఐసీయూలోనే కాథెటర్ తీసేశారు, మూడో రోజు వార్డుకు వచ్చింది. గుండె ఆపరేషన్ తర్వాత ఒంట్లో నీరు నిలుస్తుంది. అది మూత్రంగా పోయి దిగడానికి ఫ్యూరోసెమైడ్ మాత్ర రోజుకు రెండుసార్లు రాశారు. నాలుగో రోజు నుంచి బరువు తగ్గాల్సింది పోయి పెరిగింది. పాదాల వాపు మోకాలి కిందిదాకా పాకింది. ఐదో రోజు పక్క మారుస్తుంటే దిండు కింద కాగితంలో చుట్టిన నాలుగు మాత్రలు దొరికాయి. నాలుగూ ఫ్యూరోసెమైడే. మిగతా మందులు ఒక్కటీ మానలేదు.

ఆ తేడా దగ్గరే మేం ఆగాల్సింది. మందులంటే ఇష్టం లేని మనిషైతే అన్నీ దాస్తుంది. ఒక్క మాత్రనే ఏరి దాస్తోందంటే ఆ మాత్ర ఏం చేస్తుందో ఆమెకు బాగా తెలుసు. కానీ మూడు రోజుల్లో ఐదుసార్లు నర్సింగ్ నోట్స్‌లో పడిన మాట ‘సహకరించడం లేదు’. ఆ మాట ఒకసారి పడితే తర్వాతి షిఫ్టు వాళ్లు ఆ కళ్లతోనే రోగిని చూస్తారు. ఏం చేసింది, ఎప్పుడు చేసింది, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నవన్నీ ఆ ఒక్క మాట మింగేస్తుంది.

నీళ్లు కూడా చాలా తక్కువ తాగేది. రోజుకు లీటరున్నర లోపు తాగమని చెప్పాం, ఆమె తాగింది అరలీటరు కూడా లేదు. ఇన్‌టేక్ చార్ట్ చూసి మొదట సంతోషించాం, చెప్పినట్టు వింటోందని. మూత్రం చిక్కబడి మంట పుట్టిస్తున్న సంగతి మాకు తెలియదు.

మాత్ర మింగడం లేదు కాబట్టి ఆరో రోజు సాయంత్రం డ్యూటీ డాక్టర్ దాన్ని ఇంజెక్షన్‌కు మార్చారు. వైద్యం లెక్క ప్రకారం అది సబబే. రాత్రి ఎనిమిదింటికి ఇచ్చారు. ఆమె చెయ్యి లాక్కుంటూ ‘మాయ, మాయ’ అంది. ప్రసూతి వార్డు నుంచి మా దగ్గరికి వచ్చిన ఒక నర్సు, బిడ్డ, మాయ గురించి ఏదో చెబుతోందేమో అనుకుంది. సోమాలీలో ‘మాయ’ అంటే ‘వద్దు, కాదు’. ‘హా’ అంటే అవును. ఆరు రోజులుగా ఆమె మాతో మాట్లాడిన రెండు మాటల్లో ఒకటి మా చెవికి మరో అర్థంలో పడింది.

ఇంజెక్షన్ ఇచ్చాక బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంది. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. గుండె ఆపరేషన్ అయిన రోగి బాత్రూంలో కళ్లు తిరిగి పడిపోవచ్చు. నైట్ సిస్టర్ భయపడి తలుపు బాదింది. జవాబు లేకపోయేసరికి వార్డుబాయ్‌ని పిలిచి గడియ తీయించబోయింది. లోపలి నుంచి ఏడుపు వినిపించింది. మూత్రం బంధించిందేమోనని స్కాన్ చేస్తే మూత్రాశయంలో 140 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. డాక్టర్ మళ్లీ కాథెటర్ వేయమన్నారు. ట్రే చూడగానే ఆమె మంచం దిగి, ఛాతీ కుట్లను రెండు చేతులతో పట్టుకుని, గది మూలకు వెళ్లి నిలబడింది. అప్పుడు నాకు ఫోన్ చేశారు.

ఏం చేయాలి, ఏం ఆపాలి

నేను వచ్చి మొదట చూసింది అంకెలు. ఆక్సిజన్ 94, నాడి, బీపీ ఫరవాలేదు. మూత్రాశయంలో 140 మిల్లీలీటర్లు అంటే మూత్రం బంధించినట్టు కాదు. అంటే తెల్లవారేదాకా మాకు సమయం ఉంది. పైగా కొత్త లోహపు కవాటం ఉన్న మనిషికి బలవంతంగా గొట్టం దూర్చితే, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి, కవాటం మీదికి చేరే ముప్పు ఉంది. ఈ రెండూ డాక్టరుకు చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు, ట్రే తీసేయించాం. ఈ కేసులో సరైన మొదటి నిర్ణయం అదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆ రాత్రి ఆమెను పట్టుకుని కాథెటర్ వేసి ఉంటే, తర్వాత ఏ దుబాసీ వచ్చినా ఆమె నోరు విప్పేది కాదు.

ఆ రాత్రి కేస్ షీటు మొదటి పేజీ నుంచి చదివాను. థియేటర్ నోట్‌లోని ఆ ఒక్క ముక్క దగ్గర ఆగి, పార్ట్ ప్రిపరేషన్ చేసిన నర్సుకు ఫోన్ చేశాను. కాసేపు తటపటాయించి, చూసింది చెప్పింది. అప్పుడు అర్థమైంది.

దాన్ని సోమాలీలో గుడ్నీన్ అంటారు. మన పత్రికలు స్త్రీ జననాంగ ఖండన అని రాస్తుంటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాలుగు రకాలుగా విభజించింది. మూడో రకంలో చిన్నతనంలోనే బాహ్య జననాంగాలను కోసి, అంచులను దగ్గరకు చేర్చి మూసేసి, మూత్రానికీ బహిష్టు రక్తానికీ ఒక చిన్న రంధ్రం మాత్రం వదులుతారు. సోమాలియాలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు అందరికీ ఏదో ఒక రకం ఖండన జరిగి ఉంటుంది. మూడో రకం అయిన స్త్రీకి మూత్రం ధారగా రాదు. మచ్చ వెనక నిలిచి, బొట్టుబొట్టుగా వస్తుంది. ఒక్కోసారి పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఫ్యూరోసెమైడ్‌ను ఆమె వైపు నుంచి చూడండి. మాత్ర వేసుకుంటే గంటలోపు మొదలై ఆరు గంటలు పనిచేస్తుంది. ఆ ఆరు గంటల్లో ఎన్నిసార్లు వెళ్లాలో, వెళ్లిన ప్రతిసారీ ఎంతసేపు మంటతో కూర్చోవాలో ఆమెకు తెలుసు. మేం దాన్ని ఇంజెక్షన్‌గా మార్చాం. అది ఐదు నిమిషాల్లో మొదలై అరగంటలో ఉధృతమవుతుంది. సన్నని దారి, వెనక నుంచి వరద. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. దానికి తోడు తలుపు బాదాం.

ప్రయత్నించినవి, ఫలించనివి

ఈ రాత్రికి ముందే కొన్ని ప్రయత్నాలు జరిగాయి. ఆసుపత్రి అరబిక్ దుబాసీని పంపింది. అతను చెప్పినదానికంతా ఆమె ‘హా’ అంది. ఆమెకు అరబిక్ ప్రార్థనల వరకే వచ్చు. అవునంటే అతను వెళ్లిపోతాడు కాబట్టి అవునంది. మా వార్డులో ఒక ముస్లిం నర్సు ఉంది. ఆమెను పంపించింది నేనే. మీవాళ్లే కదా, నువ్వు మాట్లాడితే వింటుందేమో అన్నాను. ఆమె మాట్లాడేది ఉర్దూ. ఒకే మతం అన్నంత మాత్రాన ఒక భాషా, ఒక ఆచారమూ అయిపోవని నాకు తెలియనిది కాదు. అయినా ఆ క్షణంలో సులువైన దారి చూసుకున్నాను. తర్వాత గుడ్నీన్ సంగతి తెలిసి ఆ నర్సు చాలా బాధపడింది. ‘మేడం, మా ఇళ్లలో ఇది లేదు. దీన్ని మతం అని రాయవద్దు’ అంది. ఆమె అన్నది నిజం. ప్రపంచంలో ఎక్కువమంది ముస్లింలకు ఈ ఆచారం లేదు. ఆఫ్రికాలో కొన్ని క్రైస్తవ సమాజాల్లో ఉంది. మన దేశంలో దావూదీ బోహ్రాలలో ఉన్న ఖత్నా అనే ఇలాంటి ఆచారం గురించి కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

ఫోన్‌లో అనువాదం చేసే యాప్ వాడాం. ‘మూత్రం ఎందుకు పోయడం లేదు’ అన్న ప్రశ్నకు ఆమె యాప్ వైపు, పక్కనే కుర్చీలో ఉన్న మేనమామ వైపు చూసి కళ్లు మూసుకుంది. ఆ మేనమామ మంచివాడు. మేనకోడలి కోసం ఊరు కాని ఊరు వచ్చి నేల మీద పడుకున్నాడు. అందుకే మేం అన్ని ప్రశ్నలూ ఆయన ముందే అడిగాం, ఆయన్నే అడిగాం. మన పల్లెలో పెళ్లి కావాల్సిన అమ్మాయిని మేనమామ ఎదుట కూర్చోబెట్టి ఈ మాటే అడిగితే చెబుతుందా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని మనకే సామెత ఉంది. ఈ సంగతి తెలుసుకోవడానికి సోమాలియా గురించి చదవనక్కర్లేదు.

ఏడో రోజు ఉదయం నాకు మంచి ఆలోచన అనిపించింది కూడా పారలేదు. హైదరాబాద్‌లో సోమాలీ విద్యార్థులు ఉన్నారు, టోలీచౌకి వైపు ఎక్కువ. తెలిసినవాళ్ల ద్వారా ఒక విద్యార్థిని ఫోన్ నంబరు సంపాదించాం. ఆమె వస్తానంది. రోగికి ఆ సంగతి తెలియజేయగానే ముఖం పాలిపోయింది. ఆ అమ్మాయి ఎవరి కుటుంబమని సైగలతో, మాటలతో పదేపదే అడిగింది. పరాయి ఊళ్లో స్వదేశస్థులు కొద్దిమందే ఉంటారు. ఒకరి విషయం మరొకరికి చేరడానికి ఒక పూట చాలు. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు ఈ భయం బాగా అర్థమవుతుంది. విద్యార్థినికి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాను.

ఫలించినది

అంతర్జాతీయ రోగుల విభాగం వాళ్లు మధ్యాహ్నానికి నైరోబీలో ఉన్న ఒక సోమాలీ మహిళా దుబాసీని ఫోన్‌లో కుదిర్చారు. ఖర్చు ఆసుపత్రే పెట్టుకుంది. దుబాసీకి రోగి పేరు, ఊరు చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి రోగికి ముందుగా చెప్పించాం. మేనమామను భోజనానికి పంపాం. తలుపు వేసి, తెర లాగి, నేను మంచం పక్కన తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చున్నాను. ఫోన్ మా ఇద్దరి మధ్య దుప్పటి మీద పెట్టాను.

ఏం అడగాలో రాత్రే అనుకున్నాను. ‘మాత్ర ఎందుకు వేసుకోవడం లేదు’ అని అడిగితే అది నేరం మోపినట్టు ఉంటుంది. ‘మీకు గుడ్నీన్ జరిగిందా’ అని మొదలుపెడితే మళ్లీ ఆ ముగ్గురి చూపే అవుతుంది. అందుకని ఇలా అడిగాను: ‘ఈ మాత్ర వేసుకున్నాక మీకు ఏం జరుగుతుంది? ఉదయం నుంచి రాత్రి దాకా చెప్పండి.’

చాలాసేపు మౌనం. తర్వాత మాటలు మొదలై ఆగలేదు. దుబాసీ అప్పుడప్పుడు ‘కొంచెం ఆగమ్మా’ అనాల్సి వచ్చింది. మూత్రానికి కూర్చుంటే తను వందలు లెక్కపెట్టుకుంటానంది. ఐసీయూ నుంచి వచ్చాక మంట ఎక్కువైందంది. తలుపు కొట్టినప్పుడు భయంతో వస్తున్నది కూడా ఆగిపోయిందంది. ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్న మాలో ఎవరి ఊహకూ అందనిది: ‘నేను మత్తులో ఉన్నప్పుడు దాన్ని తెరిచేశారా?’

ఆరు రోజులుగా ఆ అమ్మాయి మోస్తున్నది ఈ ప్రశ్న. ఆపరేషన్ నుంచి లేచేసరికి అక్కడ మంట. అంతకుముందు సాయంత్రం ముగ్గురు నిలబడి చూశారు. పెళ్లి కుదిరి ఉంది. తెరిచేసి ఉంటే ఇంటికి వెళ్లి ఏమని చెప్పుకోవాలి? అడుగుదామంటే అడగగల మనిషి లేదు.

లేదని చెప్పాను. సన్నని గొట్టం వాడారని, కోత పెట్టలేదని చెప్పాను. నా మాటే చాలదనిపించి, థియేటర్‌కు వచ్చిన గైనకాలజిస్టును రప్పించి, ఆమె నోటితోనే చెప్పించాను. డాక్టర్ ఫోన్ వైపు కాకుండా అమ్మాయి వైపు చూస్తూ, ఒక్కొక్క వాక్యంగా చెప్పారు. మీ అనుమతి లేకుండా ఎవరూ ఏమీ చేయరు అన్నారు. ఆమె రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది.

తర్వాత చేసిన మార్పులు చాలా చిన్నవి. రాత్రి ఇంజెక్షన్ మానేసి, మాత్ర ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి ఇచ్చాం. రాత్రి నిద్ర ఆమెకు దక్కింది. బాత్రూంలో గోరువెచ్చని నీళ్ల మగ్గు పెట్టాం; మూత్రం పోస్తూ ఆ నీళ్లు పోసుకుంటే మంట తగ్గుతుంది. నీళ్లు తాగితే మూత్రం పలచబడి మంట తగ్గుతుందని చెప్పాం, ఎంత తాగవచ్చో గ్లాసుల లెక్కన చెప్పాం. మూత్ర పరీక్షలో ఇన్‌ఫెక్షన్ తేలింది, మందు మొదలైంది. తలుపు దగ్గర మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. నైట్ సిస్టర్ భయం కూడా న్యాయమైనదే. ఇరవై నిమిషాలు అలికిడి లేకుండా వదిలేయడానికి వీల్లేదు. దుబాసీనే ఉపాయం చెప్పింది. సోమాలీలు పలకరింపుగా ‘నబద్’ అంటారు, శాంతి అని అర్థం. ఐదు నిమిషాలకోసారి నర్సు తలుపు బయట నిలబడి మెల్లగా ‘నబద్?’ అంటుంది. లోపలి నుంచి ‘నబద్’ అని వినిపిస్తే చాలు. గడియ ముట్టుకోదు.

రోజూ ఉదయం బరువు చూసి అంకె తనే రాసుకునేలా ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చాం. నాలుగు రోజుల్లో మూడు కిలోలు దిగింది. వంటగది నుంచి వచ్చే ‘అరబ్బు భోజనం’ కూడా ఆమెకు పరాయిదేనని అప్పుడే తెలిసింది. వాళ్ల ఇళ్లలో పొద్దున తినేది అంజేరో, పులిసిన పిండితో వేసే అట్టు. మా కాంటీన్ దోసె, పైన కొంచెం పంచదార వేసి ఇస్తే మొదటిసారి పళ్లెం ఖాళీ అయింది.

పార్ట్ ప్రిపరేషన్ చేసిన నర్సు క్షమాపణ చెప్పుకుంటానంది. నేను వెంటనే సరే అనలేదు. మన మనసు తేలికపడడానికి రోగి దగ్గర ఏడవడం కూడా రోగి మీద బరువు పెట్టడమే. ముందు దుబాసీ ద్వారా రోగిని అడిగాం, ఆమె రమ్మంది. ఆ నర్సు ఒక్క మాటే చెప్పింది: ‘నాకు తెలియక ఇతరులను పిలిచాను, తప్పు నాది.’ రోగి ఆమె చెయ్యి పట్టుకుని, వచ్చేసారి ఇంకో అమ్మాయి వస్తే దుప్పటి కప్పి, ముందు తలుపు వేయమంది.

అసలు ప్రమాదం

ఇవన్నీ చక్కబడ్డాక గైనకాలజిస్టు ఇంకో మాట లేవనెత్తారు. ఈ కేసు రాయడానికి నన్ను పురికొల్పింది ఆ మాటే. లోహపు కవాటం ఉన్నవాళ్లు జీవితాంతం వార్ఫరిన్ వేసుకోవాలి. రక్తం తొందరగా గడ్డకట్టదు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే పరీక్ష అంకె ఐఎన్‌ఆర్. ఆమెకు దాన్ని రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉంచుతున్నాం. కొన్ని నెలల్లో పెళ్లి. పెళ్లినాటికి మూసినదాన్ని తెరవాలి. అక్కడ ఆ పని చాలాసార్లు ఇంట్లోనే, సంప్రదాయంగా చేసే స్త్రీల చేతిలో జరుగుతుంది. వార్ఫరిన్ మీద ఉన్న అమ్మాయికి ఇంట్లో కోత పెడితే రక్తం ఆగకపోవచ్చు. ఆ గాయం నుంచి ఇన్‌ఫెక్షన్ కవాటానికి చేరవచ్చు. వార్ఫరిన్ వేసుకుంటూ గర్భం దాలిస్తే బిడ్డకు హాని జరగవచ్చు. అందుకు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

మేం ఆమెకు ఇచ్చేందుకు సిద్ధం చేసిన డిశ్చార్జి సూచనల్లో ఆకుకూరల గురించి ఉంది, పళ్ల డాక్టరు గురించి ఉంది. దీని గురించి ఒక్క అక్షరం లేదు. ఆ మాత్రలు దిండు కింద దొరకకపోయి ఉంటే, ఆమె అణకువగా అన్నీ మింగి ఉంటే, మేం సంతోషంగా ఇంటికి పంపేవాళ్లం.

మూడో ఫోన్ సంభాషణ దీని గురించే, గంటకు పైగా సాగింది. తెరిచే ఆపరేషన్ ఎలా ఉంటుందో, ఆసుపత్రిలో ఐఎన్‌ఆర్ సరిచూసి చేస్తే ఎంత సురక్షితమో డాక్టర్ వివరించారు. ఛాతీ కుట్లు మానకముందు ఇప్పుడే చేయలేమనీ, కొన్ని నెలల తర్వాత చేయించుకోవచ్చనీ చెప్పారు. ఆమె ఆలోచిస్తానంది, అమ్మతో మాట్లాడాలంది. నాకు ఈ ఆచారం మీద కోపం ఉంది. ఒక పసిపిల్లకు అలా చేయడాన్ని నేను ఏ సంస్కృతి పేరుతోనూ సమర్థించను. కానీ ఆ గదిలో నా కోపానికి చోటు లేదు. ఉన్న ఆధారం అమ్మే అని ఆమె చెబుతున్నప్పుడు, ఆ అమ్మను ఒక్క మాట అన్నా మా సలహా మొత్తం ఆమె దృష్టిలో విలువ కోల్పోయేది.

ఉత్తరం ఎలా రాయాలన్నదీ ఆమెతోనే తేల్చుకున్నాం. మేనమామకు ఇంగ్లిషు చదవడం వచ్చు. అందరూ చూసే డిశ్చార్జి సమ్మరీలో ‘ఏ రకమైన కోత అయినా, చికిత్స అయినా ఐఎన్‌ఆర్ చూసి ఆసుపత్రిలోనే చేయాలి’ అని రాశాం. వివరాలున్న ఉత్తరాన్ని వేరుగా, అంటించిన కవరులో, ఆమె చేతికే ఇచ్చాం. అది ఎప్పుడు, ఎవరికి చూపాలన్నది ఆమె ఇష్టం.

వార్డులో మారినవి

మెడలైన్ లైనింగర్ అనే అమెరికన్ నర్సు 1950ల్లో మొదలుపెట్టిన ఆలోచన నుంచి పుట్టిందే నర్సింగ్ పాఠాల్లోని సాంస్కృతిక సంరక్షణ. రోగి ఆచారాల్లో దేన్ని అలాగే ఉంచాలి, దేనికి మన చికిత్సను సర్దాలి, దేన్ని రోగితో కలిసి మార్చాలి అని ఆమె మూడు దారులు చెప్పింది. కాలేజీలో పరీక్ష కోసం బట్టీ పట్టాను. ఈ కేసులో ఆ మూడూ ఒకే మంచం మీద కనిపించాయి: బాత్రూంలో ఏకాంతం ఉంచాలి, మాత్ర వేళ సర్దాలి, ఇంట్లో కోత మార్చాలి. ఏది ఏ కోవలోకి వస్తుందో మేం సొంతంగా తేల్చలేకపోయాం. అడిగాకే తేలింది.

మా అడ్మిషన్ కాగితంలో ‘దేశం’ పక్కన ‘ఇంట్లో మాట్లాడే భాష’ వచ్చింది. మహిళా రోగులందరినీ, ఏ దేశం వారైనా, ఆపరేషన్‌కు ముందు ఒంటరిగా ఒక ప్రశ్న అడుగుతున్నాం: ‘కాథెటర్ వేసేటప్పుడు మాకు ముందుగా తెలియాల్సింది ఏమైనా ఉందా? గతంలో అక్కడ కోత, ఆపరేషన్ ఏదైనా జరిగిందా?’ సోమాలీ, సూడానీ వాళ్లను మాత్రమే అడగాలని ఒకరు సూచించారు, నేను ఒప్పుకోలేదు. పాస్‌పోర్టు చూసి అడిగే ప్రశ్న నిందలా వినిపిస్తుంది. పైగా మన ఊళ్ల నుంచి వచ్చిన ఇద్దరు స్త్రీలు ఇదే ప్రశ్నకు జవాబుగా, గర్భసంచి జారిన సంగతి మొదటిసారి చెప్పారు.

నోట్స్‌లో ‘సహకరించడం లేదు’ అని రాయవద్దని చెప్పాను. ‘ఉదయం మాత్ర తీసుకోలేదు, మిగతావి తీసుకుంది, అప్పుడు మేనమామ గదిలో ఉన్నారు’ అని రాయమన్నాను. అలా రాస్తే కారణం వెతకాలన్న ఆలోచన రాసేవాళ్లకే వస్తుంది. చూసింది ఏమిటో తెలియనప్పుడు పదిమందిని పిలవకుండా ఇన్‌ఛార్జ్‌కు చెప్పడం, తెలియకపోయినా కనిపించినదాన్ని రాయడం కొత్త నర్సులకు మొదటి వారంలోనే నేర్పుతున్నాం. మా దగ్గర పనిచేసి బ్రిటన్ వెళ్లే తెలుగు అమ్మాయిలకు ఇది ఇంకా అవసరం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 18 ఏళ్ల లోపు బాలికకు ఖండన జరిగినట్టు తెలిస్తే నర్సు పోలీసులకు తెలియజేయాలని 2015 నుంచి చట్టం ఉంది.

నర్సుల గది గోడ మీద ఆరు సోమాలీ మాటలు తెలుగులో రాసి అంటించాం: నబద్, హా, మాయ, బియో అంటే నీళ్లు, కాడి అంటే మూత్రం, హనూన్ అంటే నొప్పి. రాసింది పార్ట్ ప్రిపరేషన్ చేసిన ఆ నర్సే.

ఆమె పదమూడో రోజు డిశ్చార్జి అయింది. రెండు నెలల తర్వాత మేనమామ ఫోన్ నుంచి అంతర్జాతీయ విభాగానికి ఒక ఫొటో వచ్చింది. మేం ఇచ్చిన బరువు కాగితం. మా వార్డులో రాసిన అంకెలు పై వరుసలో ఉన్నాయి. వాటి కింద అదే చేతిరాతతో యాభైకి పైగా అంకెలు, పక్కన ప్రతి రెండు వారాలకూ ఐఎన్‌ఆర్. ఉత్తరం సంగతి అందులో లేదు. మేం కూడా ఆ నంబరుకు రాసి అడగలేదు.